రక్తములోని కొడవలి

కాగజ్‌నగర్ పట్టణమునకు ఆ పేరు కాగితము వలన వచ్చినది. అంతకు పూర్వము అది కొత్తపేట యను చిన్న గ్రామము. నిజాము పరిపాలనాకాలమున సిర్పూరు కాగితపు మిల్లు అచట వెలసి, 1942లో కాగితము తయారగుట మొదలైన పిమ్మట, చుట్టుపట్ల అడవులలోని వెదురు ఆ మిల్లుకు చేరి, గుజ్జుగా మారి, తెల్లని కాగితమై దేశము నలుమూలలకు పోవుచు వచ్చెను. 2014లో మూతపడిన ఆ మిల్లు 2018లో మరల తెరువబడినది. మిల్లు కథ నేటి ప్రసంగ విషయము కాదు గాని, కాగితము మాత్రము మధ్యలో ఒకసారి మన చేతికి రాగలదు.

కాగజ్‌నగరు నుండి ఆసిఫాబాదు చేరి, అచట నుండి పడమరగా కెరమెరి ఘాటు ఎక్కినచో గోండులు, కోలాములు, పర్‌ధానులు, తోటీలు నివసించు కొండపల్లెలు కానవచ్చును. నిజాము కాలమున ఈ ప్రాంతమునకు బదిలీ యగుట ఉద్యోగులకు శిక్షతో సమానము. అందుకు ముఖ్యకారణము చలిజ్వరము. వర్షములు తగ్గునప్పటికి కొత్తగా వచ్చినవాడు మంచము పట్టుట పరిపాటి. మరి తరతరములుగా ఆ దోమల నడుమనే పుట్టి పెరిగిన గిరిజనులు ఎట్లు నిలిచిరి? కారణములు పెక్కు గలవు. వానిలో ఒకటి కొందరి రక్తములోనే యున్నది. నేడు వైద్యులు దానిని దోషమందురు. దానిని తీసివేయు సాధనము కూడ చేతికి వచ్చినదందురు. మానవదేహమును దిద్దుటకు, మెరుగుపరచుటకు కొత్త విద్యలు పుట్టుచున్న ఈ కాలములో, దేనిని దిద్దవలెను, ఎవరి అనుమతితో దిద్దవలెను అను ప్రశ్నలు పెద్ద నగరములలోని పండితసభలకే చెందినవని మనము తలంచుచున్నాము. అవి కెరమెరి ఘాటుపైకి ఇదివరకే చేరినవి.

కథను చలిజ్వరముతోనే మొదలుపెట్టుట మంచిది. ఆ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి దోమ కడుపులో నున్నదని సర్ రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ దోమలు ఎవరి రక్తము త్రాగి రాస్‌కు సాక్ష్యమిచ్చినవో చాలమందికి తెలియదు. హుసేన్‌ఖాన్ అను జ్వరపీడితుడు దోమతెరలో పండుకొని తన ఒడలిని వానికి అప్పగించెను. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించెను. జ్వరముతో నున్నవానికి ఒక అణా గొప్పదో, చిన్నదో మనము ఇప్పుడు కూర్చుండి నిర్ణయించుట తేలిక కాదు. అడిగి, ఇచ్చి, పుచ్చుకొన్న వ్యవహార మది. మన ప్రాంతములో పిమ్మట జరిగిన కొన్ని వైద్యకార్యములలో ఆ మాత్రపు అడుగుట కూడ లేకపోయినది. ఆ సంగతి ముందు వచ్చును.

రాస్ పరిశోధన జరిగిన ఏడేండ్లకు, 1904లో, అమెరికాలోని చికాగో నగరమున దంతవైద్యము చదువుచున్న ఒక నీగ్రో యువకుడు ఆయాసముతో ఆసుపత్రిలో చేరెను. పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. గ్రెనడా ద్వీపమునుండి వచ్చినవాడు. అతని రక్తమును సూక్ష్మదర్శినిలో చూడగా, గుండ్రని బిళ్లలవలె నుండవలసిన ఎఱ్ఱకణములు కొన్ని వంగి కొడవళ్లవలె కనిపించినవి. జేమ్స్ హెర్రిక్ అను వైద్యుడు 1910లో ఈ సంగతిని ప్రకటించెను. ఆ వ్యాసములో రోగి పేరు లేదు. నోయెల్ చదువు ముగించి, స్వదేశమునకు మరలి, పండ్ల వైద్యుడుగా కొంతకాలము జీవించి 1916లో మరణించెను. అప్పటికి అతనికి నలువదేండ్లు కూడ నిండలేదు.

కొడవలి ఆకారము ఎట్లు వచ్చుచున్నదో తెలియుటకు మరి నలువదేండ్లు పట్టినది. 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు ఈ వ్యాధి రక్తములోని హీమోగ్లోబిను అణువు మార్పువలన కలుగుచున్నదని చూపిరి. ఒక వ్యాధికి మూలము ఒక అణువులో నున్నదని రుజువగుట అదియే ప్రథమము. 1956లో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఇంకను లోతునకు పోయెను. హీమోగ్లోబినులోని ఒక గొలుసున 146 పూసలు కలవనుకొందము. అందు ఆరవ పూస ఒక్కటి మారినది. గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన చోట వాలీన్ వచ్చినది. అంతే. ఆ ఒక్క పూసవలన, ప్రాణవాయువు తగ్గినపుడు అణువులు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలుగా పేరుకొనును, కణము వంగును, సన్నని నాళములలో చిక్కుకొనును. రోగికి ఎముకలు విరుగునట్టి నొప్పి కలుగును. మామూలు ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించగా, వంగిన కణము పది యిరువది దినములకే నశించును.

అయితే ఈ మార్పును తల్లి, తండ్రి యిరువురి నుండియు పొందినవారికే వ్యాధి. ఒక్కరి నుండి మాత్రము పొందినవారు వాహకులు. వారు ఆరోగ్యవంతులే, పొలము దున్నుదురు, కొండ ఎక్కుదురు. అంతేకాదు, ప్రాణాంతకమైన మలేరియానుండి వారికి కొంత రక్షణ కూడ కలదని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలవలన తేలినది. మలేరియా యున్నచోట పసితనమున ఆ జ్వరమునకు బలికాక మిగిలినవారిలో వాహకుల పాలు హెచ్చుచుండును. అందుచేతనే ఆఫ్రికా, గ్రీసు, అరేబియా, భారతదేశములలో చలిజ్వరపు నేలలందు ఈ లక్షణము పాతుకొనినది. ప్రకృతి తన పద్ధతిలో మానవదేహమును మెరుగుపరచినది. ధర మాత్రము ముక్కుపిండి వసూలుచేసినది. ఇరువురు వాహకులు దంపతులైనచో, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు.

మన దేశములో కొడవలి కణములు మొదట 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులయందు గుర్తింపబడినవి. తరువాత జరిగిన పరిశీలనలలో మధ్యభారతపు అడవులంతటను, వానిని అంటియున్న మన ఆదిలాబాదు కొండలలోని గోండు, కోలాము, పర్‌ధాను జనములలోను ఈ లక్షణము బయల్పడినది. గిరిజనేతరులలోను కొందరికి కలదు గనుక దీనిని ఒక జాతికి అంటగట్టుట సరికాదు.

ఇచట గోండుల వివాహధర్మమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. కొమరం భీము 1940లో జోడేఘాట్ వద్ద హతుడైన పిమ్మట, ఆ తిరుగుబాటుకు కారణములేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము నియోగించిన హైమన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయి గ్రామమున నివసించి గోండుల జీవనమును సవిస్తరముగ వర్ణించెను. గోండు సమాజము నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సంతతిగా చెప్పుకొను నాలుగు సగలుగ విభజింపబడియున్నది. ఒకే సగలోనివారు తోబుట్టువులతో సమానులు. వారిలో వారికి వివాహము నిషిద్ధము. ఏ వంశము ఏ సగకు చెందినదో, ఆ వంశపు దేవత కథ ఎట్టిదో పర్‌ధానులు కింగ్రి వాద్యముమీద తరతరములుగా పాడి నిలుపుచు వచ్చిరి. పెండ్లి మాటలాడునపుడు రక్తసంబంధమును ఇంత శ్రద్ధగ విచారించు ప్రజలు అరుదు. అయినను మేనరికము వారికిని ఇష్టమే, మన పల్లెలలో వలెనే. పర్‌ధాను పాటలో నిలిచిన వంశవృక్షము ఒకటి. రక్తములో నిలిచినది మరియొకటి. రెండవదానిని చదువుటకు సూక్ష్మదర్శిని కావలసివచ్చినది.

ఇప్పుడు ఆ రెండవ వృక్షమును చదివి కాగితముపై వ్రాయుచున్నారు. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని శహడోల్‌లో కేంద్రప్రభుత్వము కొడవలి కణ వ్యాధి నిర్మూలన మహోద్యమమును ప్రారంభించినది. 17 రాష్ట్రములలో, నలువది యేండ్లలోపు వయస్సుగల 7 కోట్లమంది రక్తమును పరీక్షించుట, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించుట దీని లక్ష్యములు. తెలంగాణము ఆ 17లో ఒకటి. పరీక్ష జరిగినవారికి కార్డు ఇచ్చెదరు. వధూవరుల కార్డులు రెంటిని కలిపి చూచినచో బిడ్డలకు వ్యాధి వచ్చు అవకాశమెంతయో తెలియును. జాతకముల పొంతన చూచు దేశమున ఈ పొంతనను వివరించుట కష్టము కాబోదు. తెలిసికొని పెండ్లాడుట, బిడ్డకు బాధ తప్పించుట మంచిదే. ఇందులో నాకు సందేహము లేదు. అయినను ఆ కార్డు విషయములో కొంత జంకు కలుగుచున్నది. దానికి చరిత్రయే కారణము.

పైని చెప్పిన లైనస్ పాలింగ్ మహాశయుడు రెండు నోబెల్ బహుమానములు పొందినవాడు. అందొకటి శాంతి బహుమానము. ఆయన 1968లో ఒక వ్యాసము వ్రాయుచు, వాహకులైన యువజనుల నొసటిమీద ఒక గుర్తు పచ్చపొడిపించవలెననియు, అట్లు చేసినచో గుర్తుగలవారు ఇరువురు ఒకరినొకరు ప్రేమించకుందురనియు సూచించెను. ఆయన ఉద్దేశము బిడ్డల బాధను నివారించుటయే. వ్యాధి రహస్యమును లోకమునకు తెలిపిన మేధావికి, నొసటి గుర్తుతో మనుష్యుడు బజారున ఎట్లు నడువగలడను సంగతి తట్టకపోయెను.

పచ్చపొడుపు జరుగలేదు గాని, దానికి దూరపు చుట్టములు కొన్ని జరిగినవి. 1970 తరువాత అమెరికాలో కొన్ని రాష్ట్రములు నీగ్రోలకు ఈ పరీక్షను నిర్బంధము చేసినవి. వాహకత్వమునకు, వ్యాధికి గల భేదము శాసనములు వ్రాసినవారికే సరిగా తెలియదు. ఫలితముగా ఏ జబ్బును లేనివారు ఉద్యోగములు కోల్పోయిరి. బీమా కంపెనీలు హెచ్చు రుసుము వసూలుచేసినవి. వైమానికదళ విద్యాలయము 1981 వరకు వాహకులను చేర్చుకొనలేదు. గ్రీసులో ఆర్కోమెనోస్ అను ఊరి కథ మనకు ఇంకను దగ్గరిది. అచటను పెండ్లిండ్లు పెద్దలు కుదుర్చునవే. ఆ ఊరివారిని పరీక్షించి, వాహకులు పరస్పరము వివాహమాడవద్దని బోధించిరి. కొన్నియేండ్లకు తిరిగివచ్చి చూడగా, వాహకులని తెలిసిన పిల్లలకు సంబంధములు తప్పిపోవుచున్నవి; అందుచేత పలువురు సంగతిని దాచుచున్నారు; వాహకులైన దంపతుల సంఖ్య ఏ బోధయు లేనిచో ఎంత యుండునో అంతే యున్నది. పరీక్ష నిజము చెప్పినది. ఆ నిజమును భరించుటకు ఊరిని ఎవరును సిద్ధము చేయలేదు.

కెరమెరి మండలములోని ఒక గోండు బాలికకు వాహకురాలని కార్డు వచ్చిన దనుకొందము. ఆమె రోగి కాదు. ఆమె ముత్తవ్వను చలిజ్వరమునుండి కాపాడిన గుణమే అది కావచ్చును. ఈ మాట కార్డు ఇచ్చునప్పుడు చెప్పెదరా? సగలు ముందే కొన్ని సంబంధములను తప్పించును. మిగిలినవానిలో కార్డు మరికొన్నింటిని తప్పించును. అట్టి యింటిలో ఆ కార్డు పెట్టె అడుగునకు పోవునా, గోడకు వ్రేలాడునా అనునది కార్డును అచ్చువేయు కార్యాలయములో తేలు విషయము కాదు.

అనుమతి విషయమున మన గతమును మనము మరువరాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పదినుండి పదునాలుగేండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖపు పుండును నివారించు కొత్త టీకాను వేసిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి చేసిన ప్రయోగాత్మక కార్యక్రమమది. బాలికలలో పెక్కురు గిరిజనులు. వసతిగృహములలో నుండి చదువుకొనువారు. కొందరు బాలికలు మరణించుటతో అలజడి చెలరేగి 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడినది. ఆ మరణములకు టీకాతో సంబంధము లేదని విచారణ సంఘము తలంచినది. ఆ టీకా నేడు అనేక దేశములలో వాడుకలో నున్నది, మంచి టీకాయే. కాని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికలో ఒక లెక్క కలదు. పరిశీలించిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వేలిముద్రలతో నుండగా, 2,763 పత్రములమీద వసతిగృహ సంరక్షకులు సంతకము చేసియుండిరి. తల్లిదండ్రులు మరియొక ఊరిలో కూలిపనికి పోవుచుండిరి. వారిని అడుగుటకు ఎవరును పోలేదు. హుసేన్‌ఖాన్‌ను రాస్ అడిగిన అడుగుట ఇచట లోపించినది. మందు మంచిదగుట వేరు, అడుగుట వేరు. ఆరోగ్యముగా నున్న దేహముపై కొత్త విద్యను ప్రయోగించునపుడు రెండవదాని బరువు మరింత హెచ్చును. రోగి బాధతో మన వద్దకు వచ్చును. ఆరోగ్యవంతుని వద్దకు మనమే పోవుచున్నాము.

ఇప్పుడు సరికొత్త విద్యను చూతము. 2012లో ఇమాన్యుయెల్ షార్పాంతియె, జెన్నిఫర్ డౌడ్నా అను విదుషీమణులు క్రిస్పర్ అను సాధనమును లోకమునకు అందించిరి. జన్యువులో కోరినచోట కత్తిరించి దిద్దుటకు వీలగు సాధనమది. 2020లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. దీని తొలి గొప్ప విజయము కొడవలి వ్యాధిలోనే లభించినది. రోగి మూలకణములను తీసి, వానిని దిద్ది, తీవ్రమైన మందులతో పాతమూలుగను ఖాళీచేసి, దిద్దిన కణములను మరల ఎక్కింతురు. ఇందొక చమత్కారము కలదు. ఈ చికిత్స ఆరవ పూసను మార్చదు. గర్భస్థశిశువు రక్తములో నుండు మరియొక విధమైన హీమోగ్లోబిను పుట్టిన కొన్నినెలలకు తగ్గిపోవును గదా. దానిని మరల మేల్కొలుపును. అది యున్నచోట కణములు అంతగా వంగవు. మన దేశపు రోగులలో పలువురికి ఈ శిశు హీమోగ్లోబిను సహజముగానే కొంత హెచ్చుగ నుండి, వ్యాధి కొంత మెత్తబడియుండును. కోట్లు వెచ్చించి ప్రయోగశాల సాధించినదానిని అడవి కొంతవరకు ముందే చేసియున్నది.

కోట్లన్న మాట అలంకారము కాదు. 2023 చివర బ్రిటను, అమెరికా ప్రభుత్వములు కాస్జెవి అను ఈ చికిత్సను అంగీకరించినపుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. ఢిల్లీలోని మన శాస్త్రజ్ఞులు తక్కువ వెలకు స్వదేశీ చికిత్సను రూపొందించి, దానికి బిర్సా ముండా పేరిట ‘బిర్సా 101’ అని నామకరణము చేసినట్లు 2025లో ప్రకటించిరి. సంతోషము. గిరిజన వీరుని పేరు మందుకు వచ్చినది. మందు గిరిజనుని యింటికి వచ్చు దినమునకై చూడవలసియున్నది.

రోగిని బాగుచేయుట ఒకటి. పుట్టబోవువానిని ముందుగనే దిద్దుట వేరొకటి. 2018 నవంబరులో హె జియాన్‌కుయ్ అను చైనా శాస్త్రజ్ఞుడు కవల ఆడపిల్లలను పిండదశలోనే దిద్ది పుట్టించితినని హాంగ్‌కాంగ్‌లో ప్రకటించగా లోకము ఉలికిపడినది. ఆ శిశువులకు ఏ వ్యాధియు లేదు. ఎయిడ్సు క్రిమి దేహములోనికి జొరబడు ఒక ద్వారమును మూసివేసి వారిని అందరికంటె బలవంతులుగ చేయవలెనని ఆయన తలపు. చైనా న్యాయస్థానము 2019 డిసెంబరులో ఆయనకు మూడేండ్ల కారాగారము విధించినది. ఆ ద్వారము లేనివారికి వెస్ట్ నైల్ అను మరియొక జ్వరము తీవ్రముగ వచ్చు ప్రమాదము కలదని అంతకుముందే తెలిసియున్నది. ఒక తలుపు మూసిన గాలి మరియొక తలుపును తెరచినది. మన దేశములో వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమావళి ప్రకారము సంతతికి సంక్రమించునట్లు జన్యువును దిద్దుట నిషిద్ధము.

ఈ నిషేధమును ఛాందసమని త్రోసివేయువారు కలరు. వారిని నేనొకటి అడుగుదును. 1940 ప్రాంతమున మార్లవాయిలో క్రిస్పర్ సాధనము ఉండియుండినచో, ఏది మెరుగుదల? కొడవలి జన్యువును తీసివేయుటయా? అపుడు చలిజ్వరము పసివారిని తీసికొనిపోవును. అందరికి చేర్చుటయా? అపుడు నాలుగింట ఒక బిడ్డ నొప్పితో మెలికలు తిరుగును. 1953లో డి.డి.టి. చల్లకముతో జాతీయ మలేరియా నిరోధక కార్యక్రమము వచ్చినది. పిమ్మట జ్వరముల ఉధృతి తగ్గెను, మరల కొన్నియేండ్లు పెరిగెను, తగ్గెను. దానితోపాటు ఆ జన్యువు విలువయు మారుచు వచ్చెను. జన్యువు అదియే, చుట్టునున్న దోమల లెక్క మారినది. దోమల లెక్క ఏబదియేండ్లకు ఎట్లుండునో చెప్పగల పండితుడు నాకు కానరాలేదు. కాని పిండమును దిద్దువాడు ఏబదియేండ్లకు కాదు, ఏబది తరములకు వ్రాయుచున్నాడు.

ఇంతలో నేడు చేయదగినది చిన్నదిగా నున్నది. హైడ్రాక్సీయూరియా యను మాత్ర కలదు. అదియు శిశు హీమోగ్లోబినునే హెచ్చించును. నొప్పి దాడులను తగ్గించును. రోజునకు అగు ఖర్చు స్వల్పము. అయితే ప్రతిదినము వేసికొనవలెను. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. వానలకు వాగు పొంగి దారి తెగిన దినములలోను ఆరోగ్యకేంద్రమున ఆ మాత్ర ఉండవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో కొడవలి వ్యాధి చేర్చబడినది గనుక ధ్రువపత్రము పొందినవారికి కొన్ని సౌకర్యములు కలవు. ఆ పత్రమునకై కొండ దిగి ఎన్నిమార్లు తిరుగవలెనో పొందినవారికే తెలియును.

ఇక కార్డు సంగతి. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండుల సొంతలిపిలో వ్రాసిన పాతప్రతులు దొరికినవి. ఆ లిపిలో ఇటీవల వాచకములు కూడ వెలువడినవి. వాహకులకిచ్చు కార్డుమీద, ఇది రోగము కాదు అను ఒక్క వాక్యమును గోండీలోను, కోలామీలోను అచ్చువేయుటకు మహాసాధనములేవియు అక్కరలేదు. కాగితము కాగజ్‌నగరులో దొరకును.